పడవ ఇంజను మార్పిడి

పడవ ఇంజను మార్పిడి అనగా అరిగిపోయిన లేక మరమ్మతుకు లొంగని ఇంజనును పాత పడవనుండి తొలగించి, ఆ పడవకు తగిన మరొక ఇంజనును అమర్చటం. బాగా చూసుకున్న ఇనుప పడవ ముప్పై నలభై ఏళ్ళు నిలుస్తుంది. ఇంజను సాధారణంగా అంతకాలం నిలవదు. అందువలన కాలువలలోను, నదులలోను, జలాశయాలలోను తిరిగే పడవల జీవితకాలంలో ఒకటి రెండుసార్లు ఈ మార్పిడి తప్పనిసరి అవుతుంది. ఈ వ్యాసంలో గోదావరి, ప్రాణహిత, మానేరు నదులు గల పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని ఈ విషయం వివరించబడినది.

ఇంజను కొనేటప్పుడు ఎక్కువమంది అడిగే ప్రశ్న "ఎన్ని అశ్వశక్తులు?" అన్నది. నిజానికి అది మూడవదో నాలుగవదో కావలసిన ప్రశ్న. పడవ బరువు, ప్రొపెల్లరు (వాడుకలో పంకా), తిరిగే నీటి స్వభావం, చెడిపోయిన రోజున చేరగల మెకానిక్కు, ఈ నాలుగింటితో కుదిరిన ఇంజనే నమ్మదగిన ఇంజను.

== ప్రాంతీయ నేపథ్యం ==

బాసర దిగువనుండి కాళేశ్వరం వరకు చాలా దూరం గోదావరి పూర్వపు ఆదిలాబాదు, కరీంనగర్ జిల్లాలకు సరిహద్దుగా ప్రవహిస్తుంది. కాళేశ్వరం వద్ద ప్రాణహిత వచ్చి కలుస్తుంది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత ఈ తీరం నిర్మల్, జగిత్యాల, మంచిర్యాల, పెద్దపల్లి, జయశంకర్ భూపాలపల్లి మొదలైన జిల్లాల క్రిందికి వచ్చినది. ధర్మపురి, మంథని, చెన్నూరు, కాళేశ్వరం ప్రాంతాలలో నది దాటించే పని తరతరాలుగా బెస్తలు, గంగపుత్రులు చేస్తూ వచ్చారు. పుట్టి, తెప్ప, గడలతోను తెడ్లతోను నడిచే నాటు పడవ వారి సాధనాలు. తరువాతి కాలంలో వీటికి మరపడవలు తోడైనవి.

గోదావరిపై ఎగువకు పడవ మార్గం కల్పించాలన్న ఆలోచన పంతొమ్మిదవ శతాబ్దంలోనే జరిగినది. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, బేరారు ప్రత్తిని నదిమీదుగా సముద్రతీరానికి చేర్చటానికి ఒక పథకం తయారైనది. ఇంజనీరు హేగ్ ఆధ్వర్యంలో పనులు సాగినవి. నదిలో రాళ్ళతో నిండిన మూడు అవరోధాలు గుర్తించబడినవి. మొదటిది దుమ్ముగూడెం, రెండవది ఇంద్రావతి సంగమం వద్ద ఇంచంపల్లి, మూడవది ప్రాణహితపై దేవలమర్రి. దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, లాకులతో కూడిన కాలువ నిర్మించబడినవి కాని, మొత్తం పథకం 1871లో విరమించబడినది. రెండవ, మూడవ అవరోధాలు ఈ వ్యాసంలోని ప్రాంతానికి చెందినవే. ఆ పథకం పూర్తయి ఉంటే గోదావరి డెల్టాలో వలె ఇక్కడ కూడా కాలువ పడవల రాకపోకలు ఉండేవి. అలా జరగలేదు కనుక ఉత్తర తెలంగాణలో పడవ ప్రధానంగా నదిని అడ్డంగా దాటే సాధనంగానే మిగిలినది. 2016 నాటి జాతీయ జలమార్గాల చట్టం గోదావరిని నాసిక్ నుండి భద్రాచలం వరకు నాలుగవ జాతీయ జలమార్గంలో చేర్చినది. అయితే చట్టంలో చేరటం వేరు, నీటిలో పడవ నడవటం వేరు.

సోన్, రాయపట్నం, కాళేశ్వరం–సిరొంచ వంటి వంతెనలు వచ్చాక ఆయా రేవుల ప్రాముఖ్యం తగ్గినది. వంతెన లేని చోట్ల, ముఖ్యంగా ప్రాణహిత వెంట, వైద్యానికి, సంతకు, అవతలి ఒడ్డున ఉన్న మహారాష్ట్ర గ్రామాలలోని బంధువుల ఇళ్ళకు వెళ్ళటానికి ప్రజలు పడవను ఆశ్రయిస్తూ వచ్చారు. 2019 డిసెంబరులో ప్రాణహిత దాటుతున్న నాటు పడవ మునిగి ఇద్దరు అటవీశాఖ ఉద్యోగులు మరణించారు. చలికాలపు నది కూడా ఎంత ప్రమాదకరమో ఆ ఘటన తెలిపినది.

== ఇంజను ఆగితే ఏమవుతుంది ==

రోడ్డుమీద లారీ ఇంజను ఆగితే లారీ ఆగుతుంది. నదిలో పడవ ఇంజను ఆగితే పడవ ఆగదు. ఇదే రెండింటికీ గల ముఖ్యమైన భేదం.

పాఠశాలలో నేర్చుకొనే లంబకోణ త్రిభుజంతో దీనిని లెక్కించవచ్చును. నిశ్చలమైన నీటిలో గంటకు 10 కిలోమీటర్లు నడిచే పడవ, గంటకు 6 కిలోమీటర్ల వేగంతో పారే నదిని సూటిగా దాటాలంటే ముక్కును కొంత ఎగువకు త్రిప్పి నడపాలి. అప్పుడు అడ్డంగా దొరికే వేగం గంటకు 8 కిలోమీటర్లు. కిలోమీటరు వెడల్పు గల నదిని దాటటానికి ఏడున్నర నిమిషాలు పడుతుంది. ప్రవాహం 8 కిలోమీటర్లకు పెరిగితే అడ్డంగా దొరికే వేగం 6 మాత్రమే, పట్టే సమయం 10 నిమిషాలు. ప్రవాహం 10 కిలోమీటర్లకు చేరితే ఆ పడవ ఎంత ప్రయత్నించినా సూటిగా అవతలి రేవుకు చేరలేదు. ఇక ప్రవాహం 6 కిలోమీటర్లు ఉన్నప్పుడు నడిమధ్యలో ఇంజను ఆగి, మరల పనిచేయటానికి పది నిమిషాలు పట్టినదనుకుంటే, ఆ లోపల పడవ కిలోమీటరు దిగువకు కొట్టుకొనిపోతుంది. ఆ కిలోమీటరులో బండరాళ్ళు ఉన్నవా, సుడి ఉన్నదా, బ్యారేజీ గేట్లు ఉన్నవా అన్నదే అప్పుడు ప్రశ్న.

== మార్పిడి ఎప్పుడు అవసరం ==

ఇంజను మొరాయించిన ప్రతిసారీ దానిని మార్చవలసిన పని లేదు. డీజిలు ఇంజను ఆలస్యంగా అందుకుంటున్నదంటే చాలాసార్లు కారణం ఫిల్టరులో మురికి, డీజిలులో చేరిన నీరు, ఇంధన గొట్టంలో చేరిన గాలి, లేదా అరిగిన ఇంజెక్టరు. ఇవన్నీ తక్కువ ఖర్చుతో సరిచేయదగినవి.

పొగ రంగు కొంత చెప్పగలదు. నల్లని పొగ వస్తే ఇంజనుపై మోయలేని భారం పడుతున్నదని గాని, గాలి చాలటం లేదని గాని అర్థం. నీలిపొగ వస్తే లోపల నూనె కాలుతున్నదని, అనగా రింగులు, లైనర్లు అరిగినవని గ్రహించాలి. తెల్లని పొగ చలి ఉదయాన కొద్దిసేపు వస్తే భయపడనవసరం లేదు కాని, వేడెక్కిన తరువాత కూడా వస్తుంటే ఇంధనం సరిగా కాలకపోవటమో, నీరు సిలిండరులోకి చేరటమో జరుగుతున్నది. ఇంజను నూనె మజ్జిగ రంగుకు మారితే అందులో నీరు కలిసినట్లే.

లైనరు, పిస్టను, రింగులు, బేరింగులు మార్చే పూర్తి మరమ్మతుతో చాలా ఇంజన్లు మరల కొన్నేళ్ళు పనిచేస్తాయి. క్రాంకు షాఫ్టు విరిగినా, బ్లాకు పగిలినా, విడిభాగాల తయారీయే ఆగిపోయినా మార్పిడి తప్పదు. ఒక్క హెచ్చరిక: క్రొత్త ఇంజనుకు డబ్బు చెల్లించక ముందు పడవ అడుగు రేకును పరీక్షించాలి. సుత్తితో మెల్లగా తట్టినప్పుడు మంచి రేకు ఖంగుమని మ్రోగుతుంది, తుప్పు తిన్న రేకు బొద్దుగా పలుకుతుంది. చిల్లుపడబోతున్న పడవకు క్రొత్త ఇంజను బిగించటం ఆ డబ్బును నీటిలో పోయటమే.

== ఎంత శక్తి కావాలి ==

నీటిని చీల్చుకొని బరువుగా నడిచే పడవకు ఒక సహజమైన వేగపరిమితి ఉన్నది. నీటి మట్టం వద్ద పడవ పొడవును అడుగులలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ పరిమితి నాట్లలో వస్తుంది. 36 అడుగుల పడవకు ఇది సుమారు 8 నాట్లు, అనగా గంటకు దాదాపు 15 కిలోమీటర్లు. అంతకు మించి పెట్టిన శక్తి అంతా అలలు లేపటానికే ఖర్చవుతుంది. అంతేకాక కావలసిన శక్తి సుమారుగా వేగం యొక్క ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 10 కిలోమీటర్లు నడిచే పడవను 12కు పెంచాలంటే దాదాపు 1.7 రెట్లు, 20కి పెంచాలంటే కనీసం 8 రెట్లు శక్తి కావాలి.

నిశ్చలమైన కాలువ నీటిలో టన్ను బరువుకు 2 నుండి 3 అశ్వశక్తులు చాలునని ఒక మోటు లెక్క ఉన్నది. ప్రవాహానికి ఎదురు నడవవలసిన నదిలో 4 నుండి 5 వరకు లెక్కించటం మంచిది. మనుషులతో, సామానుతో కలిపి 6 టన్నులు తూగే పడవకు కాలువలో 12 నుండి 18, నదిలో 24 నుండి 30 అశ్వశక్తులు సరిపోతాయి. ఈ లెక్క ఖాళీ పడవకు కాదు. ఎక్కించే ప్రయాణికుల బరువు కలిపి చూడాలి. అవసరానికి మించి పెద్ద ఇంజను పెట్టటం కూడా దోషమే. పెద్ద డీజిలు ఇంజనును ఎప్పుడూ అరకొర భారంతో నడిపితే లోపల మసి పేరుకొని, నూనె త్రాగటం ప్రారంభిస్తుంది.

== ఇంజను రకాలు ==

డీజిలు ఇంజనుకు, లోతట్టు పడవలకు సంబంధం పాతది. రుడాల్ఫ్ డీజిల్ రూపొందించిన ఇంజను 1897లో విజయవంతంగా పనిచేసినది. ఆరేళ్ళు తిరగకుండానే, 1903లో, ఫ్రాన్సులో పెతీ పియెర్ అనే కాలువ పడవలోను, రష్యాలో వోల్గా నదిపై తిరిగిన వాండల్ అనే నౌకలోను డీజిలు ఇంజన్లు అమర్చబడినవి. మహాసముద్రాలకంటే ముందు కాలువలు, నదులే ఈ ఇంజనును స్వీకరించినవని చెప్పవచ్చును. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది కనుక పడవ అడుగున పేరుకొని నిప్పురవ్వతో మండే ప్రమాదం ఉంది. డీజిలుకు ఆ ప్రమాదం చాలా తక్కువ.

గ్రామీణ ప్రాంతాలలో ఎక్కువగా పడవలకెక్కినది వ్యవసాయ పంపుసెట్టు ఇంజను. 1946లో ప్రారంభమైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ ఇంజన్లు, ఇంగ్లండుకు చెందిన లిస్టర్ నమూనాను అనుసరించి రాజ్‌కోట్‌లో తయారైన నిమిషానికి 650 చుట్లు తిరిగే బరువైన ఇంజన్లు ఇందులో ప్రసిద్ధమైనవి. పడవవారు వీటినే కోరుకోవటం తెలియనితనం అని కొందరు భావిస్తారు. అది సరికాదు. పొలాలకు నీరు తోడే ఇంజనును విప్పి బిగించగలవారు కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల పట్టణాలలోనే కాక మండల కేంద్రాలలో కూడా దొరుకుతారు. విదేశీ సముద్ర ఇంజను ఎంత ఉత్తమమైనదైనా, దాని రబ్బరు సీలు ఒక్కటి పాడైతే హైదరాబాదు నుండో చెన్నై నుండో వచ్చేవరకు పడవ రేవులో కట్టివేయవలసినదే.

అయితే పంపు ఇంజనుకు పుట్టుకతో వచ్చిన లోపాలు ఉన్నవి. దానికి క్లచ్చు గాని, వెనుక గేరు గాని ఉండవు. పంపు త్రిప్పటానికి అవి అక్కరలేదు, రేవులో పడవను ఆపటానికి మాత్రం కావాలి. దానికంటె ముఖ్యమైనది మరొకటి. ప్రొపెల్లరు నీటిని వెనుకకు నెట్టినప్పుడు, అంతే బలంతో షాఫ్టు ముందుకు నెట్టబడుతుంది. న్యూటన్ మూడవ సూత్రం ఇక్కడ కంటికి కనిపిస్తుంది. పడవ మొత్తాన్ని నడిపించే ఆ త్రోపును పంపు ఇంజను క్రాంకు బేరింగు భరించలేదు. ఆ బలాన్ని మోసే బేరింగు (థ్రస్టు బేరింగు) గల గేరుబాక్సును మధ్యలో తప్పక అమర్చాలి. ఇది లేకుండా ఇంజనును నేరుగా షాఫ్టుకు బిగించిన పడవలలో ఇంజను త్వరగా పాడవుతుంది, నింద మాత్రం ఇంజను తయారీదారుమీద పడుతుంది.

ట్రాక్టరు, జీపు, లారీ ఇంజన్లను పడవకు అనువుగా మార్చటం మరొక పద్ధతి. వీటికి శక్తి ఎక్కువ, విడిభాగాలు సులభంగా దొరుకుతాయి. రేడియేటరు తీసివేసి నీటి శీతలీకరణ ఏర్పాటు చేయాలి. పడవ వెనుక తగిలించే అవుట్‌బోర్డు ఇంజన్లు, పొడుగాటి షాఫ్టును ఎత్తి దించగల ఇంజన్లు తేలికపాటి చేపల పడవలకు, లోతు తక్కువ నీటికి బాగుంటాయి. విద్యుత్ మోటార్లు దిగువ మానేరు వంటి జలాశయాలలో విహారానికి అనుకూలమే కాని, 10 అశ్వశక్తులను ఒక్క గంట వాడటానికే ఏడున్నర యూనిట్ల విద్యుత్తు నిలువ కావాలి. వరద నదిపై వీటిని ఇంకా ఆశ్రయించలేము.

== ప్రొపెల్లరు, గేరు ==

ఇంజను మార్పిడి విఫలమైన చోట్ల తప్పు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. నిమిషానికి 650 చుట్లు తిరిగే 10 అశ్వశక్తుల ఇంజను, 3000 చుట్లు తిరిగే 10 అశ్వశక్తుల ఇంజను శక్తిలో సమానమే. కాని మొదటి దాని మెలిత్రిప్పే బలం రెండవ దానికంటె నాలుగున్నర రెట్లు అధికం. పాత ఇంజనుకు తగినట్లు తయారైన వెడల్పైన ప్రొపెల్లరును వేగపు ఇంజనుకు నేరుగా తగిలిస్తే, ఇంజను దానిని త్రిప్పలేక నల్లపొగ విడుస్తుంది. అందుకే 2:1 లేక 3:1 తగ్గింపు గల గేరుబాక్సు అవసరమవుతుంది.

ప్రొపెల్లరును రెండు కొలతలతో చెబుతారు. మొదటిది వ్యాసం. రెండవది పిచ్చి, అనగా మెత్తని చెక్కలో స్క్రూ దిగినట్లు ఒక చుట్టుకు ముందుకు సాగవలసిన దూరం. ఇంజను నిమిషానికి 2000 చుట్లు, గేరు తగ్గింపు 2:1, పిచ్చి 12 అంగుళాలు అనుకుంటే, ప్రొపెల్లరు 1000 చుట్లకు 1000 అడుగులు సాగాలి. ఇది గంటకు సుమారు 18 కిలోమీటర్లు. నీరు చెక్క కాదు కనుక బరువు పడవలలో ఇందులో నలభై శాతం వరకు జారిపోతుంది, మిగిలేది 11 కిలోమీటర్లు. క్రొత్త ఇంజను తిరిగే దిశ పాతదానికి వ్యతిరేకమైతే ప్రొపెల్లరు కూడా మార్చాలి. లేనిచో ముందుకు గేరు వేస్తే పడవ వెనుకకు నడుస్తుంది.

అమరిక సరిపోయినదీ లేనిదీ తెలుసుకోవటానికి, పూర్తి బరువుతో లోతైన నీటిలో ఇంజనును పూర్తిగా పెంచి చూడాలి. తయారీదారు చెప్పిన చుట్లకు దగ్గరగా చేరితే సరిపోయినట్లు. చాలా తక్కువలోనే ఆగిపోతే ప్రొపెల్లరు పెద్దది, సునాయాసంగా దాటిపోతే చిన్నది.

== చల్లబరచే పద్ధతి ==

నది నీటినే తోడి ఇంజనులో త్రిప్పి బయటకు వదలటం అన్నిటికంటె సులభం. కాని జూలై నుండి సెప్టెంబరు వరకు గోదావరి నీరు ఒండ్రుతో ఎర్రగా ఉంటుంది. ఆ ఇసుక, మట్టి పంపులోని రబ్బరు చక్రాన్ని తినివేస్తాయి, నీటి దారులను పూడ్చివేస్తాయి. జలాశయాలలో గుర్రపుడెక్క, పాచి నీటిని తీసుకొనే రంధ్రానికి అడ్డుపడతాయి. వరద ఉన్నప్పుడు, అనగా ఇంజను అవసరం అత్యధికంగా ఉన్నప్పుడే, ఈ పద్ధతి మోసం చేస్తుంది.

దీనికి ప్రత్యామ్నాయం, శుభ్రమైన నీటినే మూసిన గొట్టాలలో త్రిప్పి, పడవ అడుగు ద్వారా నదికి వేడిని ఇవ్వటం. గొట్టాలను పడవ బయట అమరిస్తే ఎండాకాలంలో ఇసుక మేటలకు రాసుకొని పగులుతాయి. కనుక ఈ ప్రాంతానికి అడుగు రేకుకు లోపలివైపున అతికించిన పలుచని తొట్టి మేలైనది. ఇంగ్లండు కాలువ పడవలలో ప్రతి 4 అశ్వశక్తులకు ఒక చదరపు అడుగు వైశాల్యం గల తొట్టి ఉండాలని లెక్క. 20 అశ్వశక్తులకు 5 చదరపు అడుగులు అవుతుంది. అయితే అది చల్లని నీటికి చెప్పిన లెక్క. మే నెలలో వేడెక్కి ఉండే గోదావరి నీటికి దీనిని గణనీయంగా పెంచుకోవాలి. గాలితో చల్లబడే ఇంజనుకు ఈ బాధలు లేవు కాని, దానిని పెట్టెలో బంధించక గాలి ఆడనివ్వాలి.

నీటిమట్టం కూడా ఇక్కడ స్థిరంగా ఉండదు. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ళ బ్యారేజీల వలన కొంతకాలం నదిలో లోతైన నిలువ నీరు ఏర్పడినది. 2023 అక్టోబరులో మేడిగడ్డ స్తంభాలు కుంగిన తరువాత ఆ నీరు వదిలివేయబడి, ఇసుక మేటలు మరల బయటపడినవి. లోతును నమ్ముకొని అమర్చిన ప్రొపెల్లరు అటువంటప్పుడు నేలను తాకుతుంది. ప్రొపెల్లరు క్రింద ఇనుప కమ్మీ ఒకటి రక్షణగా ఉండటం మంచిది.

== అమర్చటం ==

పాత ఇంజను బరువు కూడా పడవకు ఒక విధమైన సేవ చేస్తున్నదని మరువరాదు. నాలుగు వందల కిలోల ఇంజను తీసి నూటయాభై కిలోల ఇంజను పెడితే పడవ వెనుకభాగం పైకి లేస్తుంది, ప్రొపెల్లరు నీటిపైకి వచ్చి గాలిని పీలుస్తుంది, పడవ అటూ ఇటూ ఊగటం ఎక్కువవుతుంది. తగ్గిన బరువును ఇనుప దిమ్మెలతో అడుగున పూరించి, కదలకుండా కట్టాలి. ఇంజనును పైతట్టుపై అమర్చటం మరింత ప్రమాదకరం.

ఇంజను, షాఫ్టు ఒకే సరళరేఖలో ఉండాలి. రెండు కప్లింగు పళ్ళేల మధ్య సందును నాలుగు వైపులా ఫీలరు గేజితో కొలిచి చూస్తారు. 4 అంగుళాల పళ్ళేనికి తేడా 0.1 మిల్లీమీటరు మించరాదు. ఈ కొలత ఒడ్డుమీద తీస్తే చాలదు. నీటిలోకి దింపిన తరువాత పడవ కొద్దిగా వంగుతుంది కనుక, నీటిపై తేలుతుండగా మరల చూడాలి. షాఫ్టు బయటకు వెళ్ళే చోట ఉండే త్రాటి ప్యాకింగును నీటిచుక్క కూడా రాకుండా బిగిస్తే షాఫ్టు కాలుతుంది. నడుస్తున్నప్పుడు అప్పుడప్పుడు ఒక చుక్క రాలటం మంచి లక్షణం. డీజిలు ట్యాంకుకు, ఇంజనుకు మధ్య నీటిని వేరుచేసే ఫిల్టరు తప్పనిసరి.

== పాత ఇంజను కొనేటప్పుడు ==

అమ్మేవారు ముందే నడిపి వేడిచేసి ఉంచిన ఇంజనును పరీక్షించి లాభం లేదు. చేతితో తాకి చల్లగా ఉన్నదని నిర్ధారించుకొన్న తరువాతనే అందుకోమనాలి. నూనె పుల్లను, నీటి మూతను చూడాలి. కనీసం గంటసేపు భారంతో నడపాలి, ఎందుకనగా ఖాళీగా తిరిగే ఇంజను తన రోగాన్ని దాచుకుంటుంది. ఇంజను నంబరు చెరిపివేయబడి ఉంటే కొనరాదు. వరదలో మునిగి తేలిన ఇంజను పైకి రంగు వేసి అమ్మకానికి వస్తుంది. బోల్టుల సందులలో ఎండిన ఒండ్రు దానిని బయటపెడుతుంది.

== చట్టం, భద్రత ==

1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన లోతట్టు నౌకల చట్టం, 2021 ప్రకారం మరపడవలకు రిజిస్ట్రేషను, తనిఖీ అవసరం. ఇంజను మార్పిడి పడవలో చేసే ముఖ్యమైన మార్పు కనుక దానిని రిజిస్ట్రేషను అధికారికి తెలిపి, పడవను తనిఖీ చేయించాలి.

2019 సెప్టెంబరు 15న తూర్పు గోదావరి జిల్లా కచ్చులూరు వద్ద వరద గోదావరిలో విహార మరపడవ మునిగి దాదాపు 50 మంది మరణించారు. వరద ఉధృతిలో ఇంజను ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్లు కాదు. క్రొత్త ఇంజను వచ్చిన తరువాత పడవవారు సాధారణంగా మొదట దించివేసేవి తెడ్లు, గడలు, లంగరు త్రాడు. ఇంజను ఆగినప్పుడు పడవను పట్టి ఉంచేవి అవే. తగినంత పొడవైన త్రాడుతో లంగరు, రెండు తెడ్లు, ప్రతి ప్రయాణికునికి రక్షణ కవచం, ఒక అదనపు డీజిలు ఫిల్టరు, ఇంజెక్టరు, బెల్టు, వీటిని విప్పి బిగించే పానాలు ప్రతి మరపడవలోను ఉండవలసినవి. రేవు వదిలే ముందు ఇంజనును ఐదు నిమిషాలు నడిపి, చల్లబరచే నీరు సరిగా తిరుగుతున్నదీ లేనిదీ చూసి, ఆ తరువాతనే కట్టుత్రాడు విప్పాలి.